పాత కంప్యూటరును మార్చేముందు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ అందించే సాధారణ మద్దతు ముగిసింది. అప్పటినుండి మన కళాశాలలలోనూ, పరిశోధన స్థానాలలోనూ, కృషి విజ్ఞాన కేంద్రాలలోనూ, ఏరువాక కేంద్రాలలోనూ ఒక ప్రశ్న తరచుగా వినబడుతున్నది. బల్ల మీది పాత డెస్క్‌టాప్ కంప్యూటరును అలాగే ఉంచుకోవాలా, భాగాలు మార్చి బాగుచేయించుకోవాలా, లేక రద్దుచేసి కొత్తది కొనాలా? ఇది స్టోర్సు గుమాస్తా, మెకానిక్ కలిసి తేల్చుకోవలసిన సంగతి అని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తారు. నేనూ చాలాకాలం అలాగే భావించాను. ఆ భావన వలన జరిగిన నష్టాన్ని ముందు చెప్పి, తరువాత నా అభిప్రాయానికి వస్తాను.

1998, 1999 ఖరీఫ్‌లలో నా పీహెచ్‌డీ పరిశోధనలో భాగంగా కర్నూలు జిల్లా కోడుమూరు చుట్టుపక్కల గ్రామాలలో కొర్ర, కంది అంతరపంటపై రైతుల పొలాలలోనే ప్రయోగాలు వేశాను. ఎనిమిది మంది రైతులు. ఒక్కొక్కరి పొలం ఒక్కొక్క రెప్లికేషన్. విత్తిన తేదీ, మొలక శాతం, బెట్ట పడిన రోజులు, గింజ తూకం, చొప్ప తూకం అన్నీ క్షేత్ర పుస్తకంలో రాసుకొని తెచ్చి, విభాగంలో ఉన్న ఒకే ఒక కంప్యూటరులో ఎక్కించేవాడిని. ఆ గదికి ఏసీ ఉండేది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లవలసి ఉండేది. విశ్లేషణకు ఎంస్టాట్-సీ అనే డాస్ ప్రోగ్రాము వాడేవాళ్లం. రెండు సంవత్సరాల అంకెలూ నాలుగు ఫ్లాపీలలో ఇమిడిపోయాయి.

2007లో నా బల్ల మీదికి కొత్త కంప్యూటరు వచ్చింది. దానికి ఫ్లాపీ డ్రైవు లేదు. పాతదానిని తీసుకుపోయేముందు ఫ్లాపీలలోని ఫైళ్లను నకలు చేసుకోవడం అరగంట పని. తీరిక చూసుకొని చేద్దామనుకున్నాను. ఐదేళ్ల తరువాత అవసరపడి డ్రైవు సంపాదించి పెడితే నాలుగింటిలో ఒక్కటీ చదవబడలేదు. అట్టపెట్టెలో రెండు వానాకాలాల చెమ్మకు బూజు పట్టింది. క్షేత్ర పుస్తకాలను అప్పటికే, బదిలీపై ఇల్లు మారినప్పుడు, నా చేతులతోనే పాత కాగితాలవానికి వేశాను. మిగిలింది నా సిద్ధాంత గ్రంథం. అందులో ఉన్నవి ఎనిమిది పొలాల సగటులు.

ఆ సగటులు చాలునని నేను సమాధానపడి ఉండేవాడిని. మూడేళ్ల క్రితం ఖరీఫ్‌కు ముందు కోడుమూరులో ఒక రైతు నన్ను ఆపి పలకరించాడు. నా ప్రయోగానికి చేను ఇచ్చిన ఎనిమిది మందిలో ఒకరి కుమారుడు. తండ్రి చనిపోయి చాలాకాలమైంది. "ఏం సార్, ఆ పొద్దు మా నాయన చేన్లో గింజలు తూకమేసి రాసుకొని పోతిరంట గదా. ఆ లెక్క యాడుంది సార్ ఇప్పుడు?" అని అడిగాడు. వంక పక్కనున్న చేలో ఎంత బెట్ట వచ్చినా కొర్ర తప్పలేదని తండ్రి అనేవాడట. పత్తి తగ్గించి అక్కడ మళ్లీ కొర్ర వేయవచ్చునా అన్నది అతని ఆలోచన. ఎనిమిది పొలాల సగటు చెప్పగలిగాను. అతని చేను సంగతి చెప్పలేకపోయాను. నా విశ్లేషణలో ఒక రెప్లికేషన్ అయినది అతనికి ఉన్న పొలం మొత్తం.

కనుక, కంప్యూటరును మార్చడమా ఉంచడమా అన్న ప్రశ్నకు ముందు మరొక ప్రశ్న ఉన్నదని నేను భావిస్తున్నాను: అందులో ఏమున్నది, అది మరొకచోట తెరుచుకుంటున్నదా? ఆ ప్రశ్నకు జవాబు దొరికిన తరువాతనే ధరలు, వేగాలు చర్చించాలి.

ఇక ప్రస్తుత విషయం. మా విభాగంలో 2013లో కోడుమూరు ప్రయోగాల కోసమే కొన్న డెస్క్‌టాప్ ఒకటి ఉన్నది. ఇంటెల్ నాలుగవ తరం ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డు డిస్కు. మొదటి ఐదేళ్లు అక్కడి అద్దె గదిలో, ఎండాకాలపు వేడికీ విద్యుత్తు హెచ్చుతగ్గులకూ ఓర్చుకొని పనిచేసింది. ఇప్పుడు దానిని వాడుతున్న పరిశోధక విద్యార్థిని గత వేసవిలో కొత్తది కావాలని కోరింది. ఉదయం స్విచ్చి వేస్తే పని మొదలుపెట్టడానికి పది నిమిషాలు పడుతున్నదన్నది ఆమె ఫిర్యాదు. ఇది న్యాయమైన ఫిర్యాదే. రోజుకు పది నిమిషాల చొప్పున 250 పనిదినాలకు లెక్కిస్తే 40 గంటలు దాటుతుంది. పాత యంత్రాన్ని ఉంచుకోవడమే పొదుపు అనుకునే మావంటి పెద్దవారు విద్యార్థుల కాలాన్ని ఖర్చు కింద రాయరు. రాయవలసి ఉన్నది.

అయితే ఆ ఫిర్యాదుకు పరిష్కారం కొత్త కంప్యూటరేనా? పంట పసుపు రంగుకు తిరిగితే వెంటనే యూరియా చల్లమని మనం రైతుకు చెప్పము. లోపం నత్రజనిదా, ఇనుముదా, వేరు కుళ్లా, నీరు నిలిచిందా అని చూస్తాము. అతి తక్కువగా ఉన్న పోషకమే దిగుబడిని నిర్ణయిస్తుందన్న సూత్రాన్ని మొదటి సంవత్సరం విద్యార్థులకు లీబిగ్ పేరుతో బోధిస్తాము (1828లోనే దానిని చెప్పినవాడు కార్ల్ స్ప్రెంగెల్, లీబిగ్ ప్రచారం చేశాడు). కంప్యూటరుకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. కొరత ప్రాసెసరుదా, ర్యామ్‌దా, డిస్కుదా, దుమ్ముదా?

దానిని తెలుసుకోవడానికి ఖర్చు లేదు. విండోస్‌లోనే ఉన్న టాస్క్ మేనేజరును తెరిచి రెండు రోజులు గమనించమని విద్యార్థినికి చెప్పాను. స్విచ్చి వేసిన మొదటి పది నిమిషాలలో డిస్కు వినియోగం 100 శాతం వద్ద నిలిచి ఉన్నది. ప్రాసెసరు 20 శాతం కూడా దాటలేదు. ఆర్ సాఫ్ట్‌వేరులో పెద్ద ఫైలు తెరిచినప్పుడు ర్యామ్ నిండిపోయి, మిగిలిన భారం మళ్లీ డిస్కుపైనే పడుతున్నది. అంటే ప్రధాన లోపం డిస్కు, రెండవది ర్యామ్. హార్డు డిస్కులో పళ్లెం తిరగాలి, దాని మీద చదివే తల అటూ ఇటూ కదలాలి. చిన్న చిన్న ఫైళ్లు వందల సంఖ్యలో వెదకవలసి వచ్చినప్పుడు కాలమంతా ఆ కదలికకే సరిపోతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు. పాత డెస్క్‌టాపులో ఒకే ఒక మార్పు చేయగలిగితే చేయవలసిన మార్పు ఇదే.

ఎస్‌ఎస్‌డీ ఒకటి, మరో 4 జీబీ ర్యామ్ కొన్నాము. ఈ యంత్రానికి పట్టేది డీడీఆర్3 రకం; కొత్త దుకాణాలలో అరుదు గనుక వాడినదే తీసుకున్నాము. మదర్‌బోర్డు మీది బొత్తాము బ్యాటరీ కూడా మార్చాము. అది పోతే కంప్యూటరు తేదీ తప్పుతుంది, తేదీ తప్పితే ఫైళ్ల చరిత్ర తప్పుతుంది. పెట్టె విప్పినప్పుడు ఫ్యానులో నుండి పిడికెడు ఎర్రమట్టి దుమ్ము వచ్చింది. మొత్తం ఖర్చు కొత్త కంప్యూటరు ధరలో ఆరవ వంతుకు చేరలేదు. పది నిమిషాలు ఒక నిమిషం లోపునకు వచ్చాయి.

రాయలసీమ రైతుకు ఈ పద్ధతి కొత్తది కాదు. కొయ్య గొర్రు పళ్లు అరిగితే పళ్లు మారుస్తారు, జడ్డిగం పగిలితే జడ్డిగం వేయిస్తారు. గొర్రును కొత్తగా చేయించుకునేది నొగ విరిగి, దిండు పుచ్చిపోయినప్పుడు. అయితే ట్రాక్టరు గొర్రు వచ్చాక అదే రైతు కొయ్య గొర్రును అటకెక్కించాడన్నది కూడా నిజం. పని మారినప్పుడు పనిముట్టు మారుతుంది. దానిని కూడా మనం ఒప్పుకోవాలి.

అందుచేత కొత్తది తప్పక కొనవలసిన సందర్భాలు ఉన్నాయి. డ్రోన్ ఛాయాచిత్రాలను కలిపి పొలం పటం తయారుచేయడం, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ, ఆకుమచ్చల ఫొటోలతో డీప్ లెర్నింగ్ నమూనాలకు శిక్షణ ఇవ్వడం, జన్యు క్రమాల విశ్లేషణ వంటి పనులను 2013 నాటి ఐ3 ప్రాసెసరుపై చేయబూనడం విద్యార్థి కాలాన్ని వృథా చేయడమే. మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు ఉబ్బి ఉంటే, పవర్ సప్లై ఒకసారి కాలి ఉంటే, దాని మీద ఇంకా డబ్బు పెట్టకూడదు. లోపం ఒకటో రెండో అయితే భాగం మార్చాలి. మూడు, నాలుగు కలిస్తే యంత్రాన్నే మార్చాలి. కానీ మన కార్యాలయాలలోని పనిలో అధిక భాగం ఏది? క్షేత్ర పుస్తకంలోని అంకెలు ఎక్కించడం, వ్యత్యాస విశ్లేషణ, నివేదిక, రైతులకు కరపత్రం. వీటికి పదేళ్ల నాటి ప్రాసెసరు నేటికీ సరిపోతుంది.

భద్రత సంగతి వేరు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదవ తరం నుండి పైబడిన ప్రాసెసరు కావాలి. మా యంత్రానికి రెండూ లేవు. విండోస్ 10నే వాడుకునే వ్యక్తిగత వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు భద్రతా అప్‌డేట్ల సౌకర్యం ఉన్నది. అది గడువు పెంచడమే గాని పరిష్కారం కాదు. అప్‌డేట్లు లేకపోతే ఏమవుతుందని తేలికగా తీసుకునే మిత్రులకు 2017 మే నెలను గుర్తు చేస్తాను. వన్నాక్రై అనే దాడి లోకమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి సొమ్ము అడిగింది. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ సంస్థ రెండు నెలల ముందే, మార్చిలోనే, సవరణ విడుదల చేసి ఉన్నది. సవరణ వేసుకున్న యంత్రం పాతదైనా నిలిచింది, వేసుకోనిది చిక్కింది. యంత్రం వయస్సు కంటే దానికి సవరణలు అందుతున్నాయా లేదా అన్నదే ముఖ్యం. మన కంప్యూటర్లలో రైతుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాల వివరాలు కూడా ఉంటున్నాయి గనుక ఈ విషయంలో మొగమాటం పనికిరాదు.

మేము ఆ యంత్రంలో కొత్త ఎస్‌ఎస్‌డీపై లినక్స్ వేశాము. ఆర్, లిబ్రె ఆఫీస్ రెండూ దానిపై నడుస్తాయి, రుసుము లేదు, భద్రతా సవరణలు క్రమంగా వస్తాయి. మొదటి రెండు వారాలు విద్యార్థిని విసుగుపడింది. నేను ఇంకా ఎక్కువ విసుగుపడ్డాను. విండోస్‌పైనే నడిచే కొన్ని కార్యక్రమాలకు విభాగంలోని మరొక కొత్త కంప్యూటరును పంచుకుంటున్నాము. అందరికీ ఇదే మార్గం అనను. వారానికి ఒకసారైనా తప్పనిసరిగా వాడవలసిన సాఫ్ట్‌వేరు విండోస్‌నే కోరితే, దాని కోసం కొత్త యంత్రం కొనడం తప్పు కాదు.

పాత యంత్రం విద్యుత్తు ఎక్కువ తాగుతుందన్న వాదన కూడా వింటున్నాము. పాతది 80 వాట్లు, కొత్తది 40 వాట్లు అనుకుందాం. రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులకు పాతది 16 యూనిట్లు, కొత్తది 8 యూనిట్లు. ఏడాదికి మిగిలేది 100 యూనిట్లకు లోపే. ఆ మిగులుతో కొత్త యంత్రం వెల ఎన్నటికీ తీరదు. మరోవైపు తయారీకి అయ్యే వనరులున్నాయి. 2004లో ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం వెలువరించిన అధ్యయనం ప్రకారం ఆనాటి ఒక డెస్క్‌టాప్, దాని 17 అంగుళాల మానిటరు తయారీకి కనీసం 240 కిలోల శిలాజ ఇంధనం, 22 కిలోల రసాయనాలు, 1,500 కిలోల నీరు ఖర్చయ్యేవి. ఎకరంపై ఒక్క మిల్లీమీటరు వాన కురిస్తేనే 4,000 లీటర్లు దాటుతుంది గనుక మెట్ట వ్యవసాయం ఎరిగినవారికి ఆ నీటి అంకె పెద్దదిగా తోచకపోవచ్చు. ఇంధనం అంకె మాత్రం ఆ యంత్రం బరువుకు సుమారు పదిరెట్లు. కొత్త యంత్రాలు తేలికైనవే, అయినా వాటికీ ఈ భారం తప్పదు.

ఇప్పుడు మళ్లీ అసలు విషయానికి వస్తాను. ఇంగ్లాండులోని రోథమ్‌స్టెడ్‌లో బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం 1843లో మొదలై నేటికీ సాగుతున్నది. అక్కడి గణాంక విభాగానికి 1954లోనే ఎలియట్ 401 అనే కంప్యూటరు వచ్చింది. ఆ యంత్రం ఏనాడో మ్యూజియం వస్తువైనది. 1844 నాటి మొదటి పంట అంకెలను మాత్రం నేడు తెరపై చదువుకోవచ్చు. ప్రతిసారీ యంత్రం మారేముందు అంకెలను దాటించినవారు ఉన్నారు గనుకనే అది సాధ్యమైంది. మనకూ అటువంటి సంపద లేకపోలేదు: కోయంబత్తూరులో 1909 నుండి సాగుతున్న శాశ్వత ఎరువుల ప్రయోగం, మన సీమలోనే అనంతపురంలో 1985లో మొదలైన వేరుశనగ దీర్ఘకాలిక ప్రయోగం. ఇటువంటి ప్రయోగాల విలువ ఏటేటా పెరుగుతుంది. వాటిని దాచిన డిస్కు నాణ్యత ఏటేటా తగ్గుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తల పరిస్థితి ఇంకా సున్నితమైనది. ప్రథమ శ్రేణి ప్రదర్శనా క్షేత్రాల వివరాలు చాలాచోట్ల ఒకే కంప్యూటరులో, ఒకే ఫోల్డరులో ఉంటాయి. శాస్త్రవేత్తకు బదిలీ అవుతుంది. వచ్చినవారికి ఆ ఫోల్డరు పేరు తెలియదు. మార్చి నెలాఖరులో నిధులు మురిగిపోతాయన్న తొందరలో కొత్త కంప్యూటరు వస్తుంది, పాతది రద్దు జాబితాలో చేరుతుంది. పదిహేనేళ్ల ప్రదర్శనలు ఒక మధ్యాహ్నంలో మాయమవుతాయి. ఎవరూ గమనించరు, ఎందుకంటే వార్షిక నివేదికలో సగటులు ఉంటాయి.

నకలు చేసినంత మాత్రాన పని పూర్తికాదని కూడా మా అనుభవం. పాత హార్డు డిస్కులో మూడు రకాల చిక్కులు ఎదురయ్యాయి. తెలుగు కరపత్రాలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అవి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరుసగా కనబడతాయి. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి, కానీ వత్తులు, గుణింతాలు ఒకరు కూర్చొని సరిచూడవలసిందే. ఎరువుల మోతాదు ఉన్న కరపత్రంలో ఒక అంకె తప్పుపోతే నష్టం రైతుది. ఎంస్టాట్-సీ వంటి 16-బిట్ డాస్ ప్రోగ్రాములు నేటి 64-బిట్ విండోస్‌పై నడవవు. డాస్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో నడిపించి, అంకెలను సాదా పాఠ్య ఫైలుగా మార్చుకున్నాము. మూడవది అన్నిటికంటె కష్టమైనది: "టీ1, టీ2, టీ3" అని మాత్రమే రాసి, అవి ఏ ట్రీట్‌మెంట్లో ఎక్కడా రాయని ఫైళ్లు. వీటికి ఏ సాఫ్ట్‌వేరూ లేదు. ఆ సంవత్సరం పనిచేసిన వారిని వెదికి ఫోన్ చేయవలసి వచ్చింది.

నకళ్లు ఎన్ని ఉండాలన్నదానికి కంప్యూటరు రంగంలో ఒక వాడుక నియమం ఉన్నది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, వాటిలో ఒకటి వేరే ఊరిలో. వేరే ఊరు ఎందుకని కర్నూలువారు అడగరు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి నగరాన్ని ముంచినప్పుడు ఒకే భవనంలో రెండు ప్రతులు దాచినవారికి ఒక్కటీ మిగలలేదు. విత్తనాల విషయంలో ఈ జాగ్రత్త మనకు తెలిసినదే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తన జన్యు బ్యాంకులోని విత్తనాలకు నకళ్లను నార్వేలోని స్వాల్‌బార్డ్ వరకు పంపి భద్రపరచింది. ఆ విత్తనం ఏ నేలలో ఎంత పండిందో చెప్పే అంకెలను మనం ఒక పెన్ డ్రైవులో వేసి సొరుగులో పడేస్తున్నాము.

నా సూచన ఒక్కటే, అది చిన్నది. కొత్త కంప్యూటరు కోరుతూ పెట్టే ప్రతి దస్త్రంలో ఒక పుట అదనంగా ఉండాలి. పాతదానిలో కొరత ఏ భాగానిదో, దానిని ఎలా నిర్ధారించారో అందులో రాయాలి. లోపల ఉన్న ప్రయోగాల జాబితా, వాటి ప్రతులు ఎక్కడ ఉన్నాయో రాయాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ఆ ప్రతులను మరొక కంప్యూటరులో తెరిచి చూచిన వ్యక్తి సంతకం ఉండాలి. నకలు చేసినవారు, తెరిచి చూసినవారు ఒకరే కాకూడదు. ఆ పుట లేకపోతే కొనుగోలూ ఆగాలి, రద్దూ ఆగాలి. రద్దయిన యంత్రం కూడా వేలంలో పాత ఇనుముగా పోరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం పెద్ద సంస్థలు వాటిని నమోదైన పునర్వినియోగ సంస్థలకే అప్పగించాలి. అప్పగించేముందు డిస్కులోని రైతుల వివరాలను పూర్తిగా తుడిచివేయాలి. మరో కాగితమా అని సహచరులు విసుక్కుంటారని తెలుసు. అరగంట పని. నేను 2007లో చేయని అరగంట అదే.

మా పాత హార్డు డిస్కును తీసి, పేరు రాసి బీరువాలో పెట్టాము. అందులోని 2014 ఖరీఫ్ ఫైళ్లు మార్చుతుండగా, నన్ను కోడుమూరులో నిలదీసిన రైతు చేనికి గట్టు పక్క చేను వివరాలు దొరికాయి. అదే వంక, అదే నేల, 5:1 నిష్పత్తిలో కొర్ర, కంది. ముద్రించి తీసుకువెళ్లి ఇచ్చాను. అతడు దిగుబడి గడిని కాక, విత్తిన తేదీ గడిని ముందు చదివాడు.

2008కి ముందరి అంకెలు సీడీలలో ఉన్నాయి. ఇరవై ఒకటి పూర్తయ్యాయి, పద్నాలుగు మిగిలాయి. ఇంతలో మా సీడీ డ్రైవు చెడిపోయింది. ఏ విభాగంలోనైనా పనిచేస్తున్న సీడీ డ్రైవు గల పాత కంప్యూటరు ఉన్నట్లయితే, దానిని రద్దు జాబితాలో చేర్చేముందు మాకు ఒక వారం ఇవ్వవలసినదిగా మనవి.